పైడిరాజు చొక్కా

పోయిన వారం దీవెనమ్మను గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, శుక్రవారం ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గొడుగు పట్టుకుని చర్చిలో ప్రార్థన కూడికకు బయల్దేరిన మనిషి ఎదురుగా పైడితల్లిని చూసి ఆగిపోయింది. పైడితల్లి చేతిలో నీలంరంగు చొక్కా ఉంది. చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దాన్ని ఒంటికి ఎడంగా పట్టుకుంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు. దీవెనమ్మ అనకాపల్లిలో అంగన్‌వాడీ టీచరు. భర్త లేడు. ఒక్కడే కొడుకు హనోకు, అచ్యుతాపురం దగ్గర కొత్తగా వచ్చిన మందుల కంపెనీల్లో ఒకదాంట్లో ఆపరేటరు. నిరుడు ఆ కంపెనీలో ఆవిరి గొట్టం వాల్వు పేలింది. హనోకు ప్రాణస్నేహితుడు జెఫ్రీకి రెండు కళ్ళూ పోయాయి. ఆ వాల్వు దగ్గర డ్యూటీ హనోకుది. కంపెనీ వాళ్ళు విచారణ చేసి, హనోకుది అజాగ్రత్త అని తేల్చి, కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ పిలిచారు. కంపెనీ పిలిచింది గానీ హనోకు మాత్రం మళ్ళీ మనిషి కాలేదు. చర్చి మెట్టెక్కడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరకు రాడు. తాగుడు మొదలెట్టాడు. అమ్మ ఏదడిగినా ఊఁ, ఉహుఁ, అంతే.

అప్పటినుంచీ ప్రతి శుక్రవారం చర్చిలో ఆడవాళ్ళందరూ హనోకు కోసం విజ్ఞాపన ప్రార్థన చేస్తున్నారు. అందులో జెఫ్రీ భార్య ఫెబా కూడా ఉంది. తన భర్త కళ్ళు ఎవరివల్ల పోయాయని ఊరంతా అనుకుంటోందో అతని కోసమే ఆ పిల్ల మోకాళ్ళ మీద ఉంటుంది. ఆ పిల్ల ఏడుపు వింటుంటే దీవెనమ్మకు తలెత్తుకోవాలనిపించదు.

ఆ సంఘంలో ఒక అలవాటుంది. ప్రార్థనకు రాని మనిషి ఉంటే, ఆ మనిషి ఒంటిమీది బట్ట తెచ్చి చాపమీద పెడతారు. అందరూ దానిమీద చేతులుంచి ప్రార్థిస్తారు. పాస్టరమ్మ గారు చివర్లో కాస్త నూనె వేలితో తీసి కాలరు మీద రాస్తారు. ఆ బట్టను ఇంటికి తీసుకెళ్ళి ఆ మనిషికి తొడగాలి. పోయిన శుక్రవారం దీవెనమ్మ అదే చేసింది. బీరువాలోంచి హనోకు కంపెనీ చొక్కా తీసుకెళ్ళింది. అందరూ దానిమీద పడి ఏడ్చారు. నలిగిపోయిన చొక్కాను ఇస్త్రీ బండి బంగారయ్యకు ఇచ్చి, మర్నాడు అతను తేగానే కొడుకు మంచంమీద పెట్టింది. హనోకు తొడుక్కున్నాడు. డ్యూటీకి వెళ్ళాడు. వస్తూ వస్తూ తాగి వచ్చాడు.

దాంతో దీవెనమ్మకు విసుగు పుట్టింది. విసుగు కాదు, కోపమే. ఎవరిమీద అని అడక్కండి, మీకు తెలుసు. ఈ శుక్రవారం కూడికలో లేచి, "నా కొడుకు పేరు ఇంక ప్రార్థనలో పెట్టకండి. నావల్ల కాదు" అని చెప్పేయాలనే బయల్దేరింది. అంతలో ఈ పైడితల్లి.

"ఎక్కడికెల్తన్నావు పిన్నీ? మా ఆయనకి ఇంకేటి సేద్దారని?" అంది పైడితల్లి.

పైడితల్లి మొగుడు పైడిరాజు, హనోకు ఒకే కంపెనీ, ఒకే షిఫ్టు. చీడికాడ వైపు నుంచి వచ్చి వెనకవీధిలో అద్దెకుంటున్నారు. ఇద్దరు మగాళ్ళూ బావా బావా అనుకుంటారు కాబట్టి పైడితల్లికి దీవెనమ్మ పిన్ని అయింది. ఏ రోజూ గొంతెత్తని పిల్ల ఇవాళ వీధంతా వినిపించేలా అరుస్తోంది.

"ఏటమ్మా, ఏటైంది?"

"ఏటైందని నన్నడుగుతావా? ఇది సూడు." చొక్కా కాలరు తిప్పి చూపించింది. నూనె మరక. వేలితో అడ్డంగా, నిలువుగా గీసినట్టుంది. "మా అత్త కాసులమ్మ సూసి గుండెలు బాదుకుంది. చిల్లంగి అంది. ఎవులో మీ ఆయన గుడ్డ అట్టుకెల్లి నూనె రాసి ఏటో సేసేరు అంది. బంగారయ్యని అడిగితే, ఈ సొక్కా దీవెనమ్మ గారింటికాడి నుంచి వచ్చింది అన్నాడు. ఇప్పుడు నువ్వు సెప్పు."

దీవెనమ్మ మరక వైపు చూసింది. ఆ మరక ఆమెకు తెలుసు. కానీ ఆ మరక హనోకు చొక్కా మీద కదా ఉండాలి?

"ఇది మా హనోకుది గదా."

"మీ హనోకుదేటి? కాలరు లోపల ఎర్రదారం కనపడతం లేదా? బంగారయ్య గుర్తుకి మా బట్టలకి ఎర్రదారం కుడతాడు, మీ బట్టలకి నల్లదారం."

దీవెనమ్మ గొడుగు గోడకు ఆనించి చొక్కా చేతిలోకి తీసుకుంది. ఎర్రదారమే. ఇస్త్రీ బండి దగ్గర నీలం చొక్కాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ముందెప్పుడో బంగారయ్య పొరపాటున పైడిరాజు చొక్కా ఈ ఇంట్లో ఇచ్చి ఉంటాడు. ఆమె అదే తీసుకెళ్ళి చాపమీద పెట్టింది. ప్రార్థన అయ్యాక మళ్ళీ ఇస్త్రీకి వేసింది. వాళ్ళింట్లో ఉన్న హనోకు చొక్కా కూడా అప్పుడే బండికి వచ్చి ఉంటుంది. ఈసారి బంగారయ్య దారం చూసి, ఎవరి చొక్కా వాళ్ళకి బుద్ధిగా చేర్చాడు. దీవెనమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"లోపలికి రామ్మా. వీధిలో వద్దు" అంది.

పైడితల్లి లోపలికి వచ్చింది గానీ కుర్చీలో కూర్చోలేదు. గోడ మీద బైబిలు వాగ్దానపు కేలండరు వైపు అనుమానంగా చూస్తూ చాపమీద కూలబడింది. దీవెనమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది చిల్లంగి కాదు, చేతబడి కాదు, నా కొడుకు మారాలని దేవుడికి మొరపెట్టుకున్నాం, చొక్కా మారిపోయింది, నా తప్పే, క్షమించు తల్లీ అంది.

"మీ దేవుడికి మనిషి ఆనవాలు తెలీదేటి? సొక్కాని బట్టి పోల్చుకుంటాడేటి?" అంది పైడితల్లి.

వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది. చిన్నప్పటినుంచీ వింటున్న బైబిలు వాక్యంలో ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, ఖాళీ కడుపుతో ఉన్న దీవెనమ్మకు ఆ సమయానికి గుర్తు రాలేదు.

"ఇంతకీ పైడిరాజుకేటైంది? వొంట్లో బాగోలేదా?"

"సోమారం ఆ సొక్కా ఏసుకున్నాడు. ఆ సాయంత్రం కొట్టుకాడికి ఎల్లలేదు. ఇంటికొచ్చి కూకున్నాడు. తాగలేదు పిన్నీ! పెల్లైన కాడినుంచి తాగని రోజు నాకు తెలీదు. నేనేటో సంబరపడిపోయేను. అమ్మోరు పైడితల్లమ్మకి సీర పెడతానని మొక్కుకున్నాను కూడాను. ఆ మర్నాడు డ్యూటీకి ఎల్లనన్నాడు. సేతులు వణికిపోతన్నాయి. ఆస్పత్రికి తీసుకెల్తే, ఒక్కసారి మానేసేడు గదా, కొన్నాల్లు అలగే ఉంటాది, మందులు మింగించు అన్నారు. వొణుకు తగ్గింది. ఏడుపు తగ్గలేదు. సంటిగుంటడిలాగ ఏడుత్తన్నాడు."

దీవెనమ్మ ఆ మాటలు సగమే విన్నది. తాగలేదు అన్న ముక్క దగ్గరే ఆగిపోయింది. ఏడాదిగా ఆమె అడిగింది అదే. ఒక్కరోజు, ఒక్క సాయంత్రం నా కొడుకు తాగకుండా ఇంటికి రావాలని. దేవుడు విన్నాడన్నమాట. విని, తీసుకొచ్చి వెనకవీధిలో ఇచ్చి వెళ్ళాడన్నమాట! ఉత్తరాలిచ్చే పోస్టుమేను కూడా ఇంటి నంబరు చూసుకుంటాడే. ఆమెకు పైడితల్లి మీద అసూయ పుట్టింది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ పుట్టింది. పైడిరాజు మంచివాడైతే సంతోషించాలి కదా, తాను విశ్వాసి కదా? సంతోషం ఎంత వెతికినా దొరకలేదు.

"నువ్వు సేసింది నువ్వే ఇప్పాల పిన్నీ" అంది పైడితల్లి. "మీ వోల్లందరినీ మల్లీ కూకోబెట్టి, ఎనక్కి తీసుకో. మా ఆయన మాకు ఎలగుండేవోడో అలగే కావాల."

"తాగుబోతుగానా?"

"తాగినా ఇంటికొచ్చేవోడు. జీతం తెచ్చేవోడు. కొండనాలుక్కి మందేత్తే ఉన్న నాలుక ఊడిపోయినట్టుంది నా బతుకు."

ఇక్కడ దీవెనమ్మ మనసులో ఒక పాడు ఆలోచన మెరిసింది. వెనక్కి తీసుకుంటే? ఈమే అడుగుతోంది కదా, వద్దంటోంది కదా? పైడిరాజుకు వద్దనుకున్నది హనోకుకు మార్చమని అడిగితే తప్పేముంది? ప్రార్థనేమన్నా గుడ్డముక్కా, ఒకరి దగ్గర తీసి ఒకరికి తొడగడానికి అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకున్నా ఆ ఆలోచన పోలేదు.

"అలాగ వెనక్కి తీసుకోడం ఉండదమ్మా. ఇది కట్టు కాదు, విప్పడానికి. మొర. అయినా ఏడిస్తే ఏడవనీ. గుండెలో ఉన్నది పోతాది. దానికింత భయమెందుకు?"

పైడితల్లి తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"వుత్తి ఏడుపైతే నీకాడికి ఎందుకొత్తాను? మాటలు పిన్నీ, మాటలు. జెఫ్రీ రెండు కల్లూ నా వల్లే పోయేయి అంటన్నాడు. నా వల్లే, నా వల్లే అని తల గోడకేసి కొట్టుకుంటన్నాడు. కంపెనీలో పెద్దోల్లకి సెప్పేత్తాను, జెఫ్రీ కాల్లమీద పడతాను అంటన్నాడు."

దీవెనమ్మ ముందుకు వంగింది.

"ఏటన్నావు?"

"నా వల్లే అంటన్నాడు. ఇంకేటీ సెప్పడు. ఆడు సెప్పేత్తే ఉద్యోగం ఉంటాదా? కేసు పెడతారు గదా? నా కొడుకు మోహిత్ ఇస్కూలు, నా పిల్ల దివ్య... నేను ఆల్లని ఎలగ సాకేది? నీ కాల్లు పట్టుకుంటాను పిన్నీ. ఆడు నోరు మూసుకునేటట్టు సెయ్యి. అంతే. తాగకపోతే మరీ మంచిది. నోరు మాత్రం మూయించు."

నిజంగానే వంగి కాళ్ళు పట్టుకుంది. దీవెనమ్మకు కాళ్ళు ఉన్న సంగతే తెలియడం లేదు. ఆమె చెవుల్లో ఒకటే మాట తిరుగుతోంది. హనోకు కాదు. నా కొడుకు కాదు. ఏడాదిపాటు తలొంచుకుని తిరిగింది, ఫెబా పక్కన కూర్చోలేక వెనక వరసలో కూర్చుంది, అంతా ఊరికేనా? తప్పు పైడిరాజుది! చొక్కా మారలేదు. మారినా సరైన మనిషికే చేరింది. దేవుడు ఇంటి నంబరు తప్పలేదు, నేనే తప్పు రాసి ఇచ్చాను!

ఇంతసేపూ దొరకని సంతోషం ఒక్కసారి వచ్చి పడింది. ఇవాళ కూడికలో లేచి చెప్పాల్సింది 'నావల్ల కాదు' అని కాదు. సాక్ష్యం! దేవుడు చేసిన మేలు అందరూ వినేలా, ఫెబా వినేలా.

సంతోషం వచ్చిన మనిషికి ఎదుటివాళ్ళ కన్నీళ్ళు కొంచెం మసకగా కనిపిస్తాయి. దీవెనమ్మ పైడితల్లిని భుజాలు పట్టి లేవనెత్తింది గానీ, మాట మాత్రం మెత్తగా లేదు.

"చూడమ్మా. దేవుడు ఒక మనిషి గుండె కదిపాక, దాన్ని ఆపమని అడిగే హక్కు నాకు లేదు. నీకూ లేదు. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే వాడికి నిద్ర పడతాది. అన్నం గురించి భయపడకు. చూసేవాడు ఉన్నాడు. ఒకరి మేలు కోసం ఇంకొకరు ఎన్నాళ్ళు నింద మోస్తారు చెప్పు?"

చూశారా ఎంత ధాటిగా చెప్పిందో! పాస్టరు గారు ఉంటే అక్కడికక్కడే ఆదివారం ప్రసంగం అప్పగించేవారు. వాక్యం ఎదుటివాళ్ళకి చెప్పేటప్పుడు ఎవరికైనా నోరు బాగానే తిరుగుతుంది.

"నీ కొడుకైతే ఇలగే అందువేటి?" అంది పైడితల్లి.

"నా కొడుకైనా ఇదే మాట."

లోపలి గది తలుపు తెరుచుకుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్నాడనుకున్న హనోకు లుంగీ సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఎర్రటి కళ్ళు. గడ్డం మాసిపోయి ఉంది. ఇద్దరినీ ఒకసారి చూసి, గడప మీదే కూర్చున్నాడు.

"అమ్మా, సాక్ష్యం చెప్పకు" అన్నాడు.

దీవెనమ్మ ఆశ్చర్యపోయింది. పైకి ఒక్క మాట అనలేదే. అయినా ముప్ఫై ఏళ్ళు కళ్ళముందు పెరిగిన కొడుక్కి ఆమాత్రం తెలియదా?

"ఎందుకురా? నువ్వు చెయ్యలేదు గదా? పైడిరాజే ఒప్పుకుంటున్నాడు గదా? ఇంకా ఎందుకురా నీకీ బాధ?"

"బావ ఆ రోజు అక్కడ లేడు."

"లేకపోడమేటి? ఇద్దరికీ ఒకే డ్యూటీ గదా?"

"హాజరు కార్డు ఉంది. మనిషి లేడు." హనోకు నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "తాగి ఎక్కడో పడిపోయేడు. బస్సు ఎక్కలేదు. అంతకుముందు కూడా అలాగే నాగా పెట్టేడు, ఈసారి రాకపోతే తీసేస్తామన్నారు. కార్డు ముందురోజే నా దగ్గర వదిలీసేడు. గేటు దగ్గర నా కార్డు గీసేను, ఆడి కార్డూ గీసేను. అక్కా, నీ పిల్లల మొహం చూసే గీసేను."

హనోకు తల్లి వైపు తిరిగాడు.

"ఆ వాల్వు దగ్గర ఇద్దరుండాలమ్మా. ఒకడు తిప్పితే ఒకడు మీటరు చూడాలి. నేనొక్కణ్ణే. అటూ ఇటూ పరిగెడుతుంటే జెఫ్రీ చూసేడు. ఆడి డ్యూటీ అక్కడ కాదు. నేను చూస్తాన్లేరా, నువ్వు తిప్పు అని వచ్చి మీటరు దగ్గర నిలబడ్డాడు. బావ నిలబడాల్సిన చోట." అక్కడ ఆగాడు. "విచారణలో ఇద్దరం డ్యూటీలోనే ఉన్నాం అన్నాను. బావని మందుల కోసం స్టోరుకి పంపేను అన్నాను. సంతకం పెట్టేను. జెఫ్రీ ఎందుకొచ్చేడంటే, చెప్పకుండా ఆడే వచ్చేడన్నాను. కళ్ళు పోయినోడి మీదే పెట్టేను. అందుకే ఆడికి రావలసింది కూడా కంపెనీ సరిగ్గా ఇవ్వలేదు. ఇప్పుడు చెప్పు, ఏ మొహం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి రమ్మంటావు? రొట్టి అందుకుంటే పక్కన ఫెబా ఉంటాది."

వీధిలో బెల్లం బళ్ళు మార్కెట్టు వైపు పోతున్నాయి. దీవెనమ్మకు ఏదీ ఒక వరసలో అర్థం కావడం లేదు. ఇంతకుముందే నిర్దోషి అయిన కొడుకు మళ్ళీ దోషి అయ్యాడు. కాదు, మొదట అనుకున్నదానికన్నా ఎక్కువ దోషి అయ్యాడు. కానీ అది జాలిపడి చేసిన పని కదా? జాలి తప్పెలా అవుతుంది? అబద్ధం తప్పే. మరి పైడిరాజు నోరు విప్పితే ముందు బయటపడేది ఎవరు? కార్డు గీసినవాడు, సంతకం పెట్టినవాడు. ఉద్యోగం పోయేది ఎవరిది? జైలుకు పోయేది ఎవరు?

"పిన్నీ" అంది పైడితల్లి. ఇప్పుడామె గొంతులో కోపం లేదు, వేడుకోలు లేదు. పక్కింటి ఆడది ఇంకో ఆడదాన్ని అడిగినట్టు అడిగింది. "ఇప్పుడేటని అడుగుతావు మీ దేవుణ్ణి?"

దీవెనమ్మకు ఆ పిల్లమీద కోపం రాలేదు. ఆ పిల్ల అడిగిందాంట్లో అబద్ధమేమీ లేదు. తాను కాస్త ముందు చెప్పిన ధర్మమంతా ఆ గదిలోనే ఎక్కడో ఉంది, ఒక్క ముక్కా చేతికి అందడం లేదు. ఆమె చాపమీద మోకరించింది. వేరే ఏం చేయాలో తెలియనప్పుడు ఆమె ఒళ్ళు దానంతట అదే చేసే పని అది. పైడితల్లి కూడా, ఎందుకో తెలియకుండానే, పక్కకు జరిగి చోటిచ్చింది.

"ప్రభువా" అంది దీవెనమ్మ. "పైడిరాజు నోరు..."

అక్కడితో ఆగిపోయింది. తెరువు అనాలో, మూయి అనాలో నోటికి రాలేదు. ఏడాదిగా ధారగా ప్రార్థించిన మనిషికి ఒక్క మాట కరువైంది. లోపల మాత్రం ఏదో ఒకటి గట్టిగా అరుస్తోంది. మూయి, మూయి, నా బిడ్డను కాపాడు అని అరుస్తోంది. అది తన గొంతే. దాన్ని ప్రార్థన అనవచ్చో లేదో ఆమెకు తెలియలేదు. సిగ్గుతో, భయంతో ఆమె ఏడ్చింది.

"హనోకూ! ఉన్నావేటి బావా?"

గేటు దగ్గర పైడిరాజు. నాలుగు రోజుల్లో సగమైపోయాడు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. లోపల పెళ్ళాన్ని చూశాడు, చాపమీద దీవెనమ్మను చూశాడు. ఎవరిమీదా కోపం లేదు ఆ మొహంలో.

"అత్తా, దండాలు" అన్నాడు. "బావా, నేను జెఫ్రీ ఇంటికెల్తన్నాను. నీ పేరు సెప్పను. నేను రాలేదన్నంతవరకే సెప్తాను. కార్డు ఎవులు గీసేరో నాకు తెలీదంటాను. నువ్వొత్తే మాత్రం, ఇద్దరం కలిసెల్దాం. రాకపోయినా నేనేటీ అనుకోను."

పైడితల్లి లేచి గేటు వైపు పరిగెత్తింది. మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అతను కదల్లేదు.

హనోకు గడప మీంచి లేచాడు. గేటు వైపు రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చి, చాప ముందు, తల్లికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఆ మొహం ఆమెకు అంత దగ్గరగా కనిపించింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఇలాగే చూసేవాడు.

"అమ్మా, వెళ్ళమంటావా, వద్దంటావా? నాకు తెలీడం లేదు. నువ్వు చెప్పు. నువ్వేది చెప్తే అదే చేస్తాను."